బంగారు గుంత

ఈ నెల నేదో వ్రతమును గూర్చియో, వేసవికి బట్టవలసిన వడియములను గూర్చియో వ్రాయుదునని యెదురుచూచినవారు నన్ను మన్నింపవలెను. సంక్రాంతి సెలవులలో మా యింట జరిగిన యొక సంగతి నా మనస్సు నింకను విడువకున్నది. అది మా యింటికి మాత్రమే సంబంధించినదైనచో మీ ముందు బెట్టకుందును. కాని పాతగుంత లేని యూరును, బంగారముపై నాశ లేని యిల్లును మన సీమలో నరుదు గదా! కావున వ్రాయుచున్నాను.

కనుమ మఱునాడు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట నేను వంటయింట జొన్నరొట్టెలు కాల్చుచుండగా, మా మేనల్లుడు పెరటిత్రోవను వచ్చి తుండుగుడ్డలో మూటగట్టిన ఱాళ్లను నా ముందు బెట్టెను. వాడు పాలమూరులో డిగ్రీ చదువుచున్నాడు. తండ్రి లేని బిడ్డ. మా యాడబిడ్డ కుట్టుపని చేసి వానిని బెంచినది. “అత్తమ్మా, దీపము దగ్గఱ బట్టి చూడుము, ఇక మాకు గష్టములు లేవు” అనెను. తెల్లని పలుగుఱాతిలో పసుపుపచ్చని తళుకులు నిజముగనే మెఱయుచుండెను. నేను ఱాళ్లను జూడలేదు. వాని యరచేతులను జూచితిని. త్రాడు రాచుకొని తోలు లేచి, రెండు చేతులును రక్తము గట్టియుండెను.

“ఈ చేతులేమి బిడ్డా?” అని యడిగితిని. వాడు తల వంచుకొనెను. రొట్టెను పెనముమీద నుండి దించి, పొయ్యి యార్పి, వానిని గూర్చుండబెట్టి యడుగగా నొక్కొక్క మాటయే బయటపడెను.

మా యూరు కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో నున్నది. నిన్నమొన్నటివఱకు మహబూబునగరము జిల్లా. 2016 నుండి గద్వాల జిల్లా. ఊరికి గ్రోసెడు దూరమున గుట్టవార నొక పాతగుంత కలదు. దానిని బంగారు గుంత యని మా యత్తగారి కాలమునుండియు బిలుచుచున్నారు. నిధుల జాడ యెఱుగుదునని చెప్పుకొను పెద్దమనిషి యొకడు ఈ పిల్లలను జేరదీసి, “పూర్వులు త్రవ్వినచోట బంగార ముండకపోదు. అడుగున నీరున్నది గావున నీవఱ కెవ్వరును దిగలేదు. నీరు తోడినచో జాలును” అని చెప్పినాడట. వాని కూలికిని, నీటియంత్రపు బాడుగకును, త్రాళ్లకును మా యాడబిడ్డ తన రెండు గాజులను దీసి యిచ్చినది. మూడు తులములు. ఆమె తల్లి పెట్టిన సొమ్ము. వానిని గుదువబెట్టిరి.

యంత్రమును గుంతలోని యొక మెట్టుమీద నుంచి రెండుగంటలు నడపిరి. అడుగు గనబడగానే ముగ్గురిలో జిన్నవాడు నడుమునకు ద్రాడు గట్టుకొని దిగెను. కొన్ని ఱాళ్లను బుట్టలో వేసి పైకి బంపెను. పిమ్మట బిలిచిన బలుకలేదు. వీరిద్దరును ద్రాటిని లాగి, తెలివి దప్పిన వానిని గట్టుమీదికి జేర్చిరి. గాలి తగిలిన కొంతసేపటికి వానికి స్మారకము వచ్చెను. నిధుల పెద్దమనిషి మాత్ర మప్పటికే కనబడకుండ బోయెను. ఆ బాలుని తల్లి కీ సంగతి తెలియదు. “చెప్పవద్దు అత్తమ్మా” అని వీడు నన్ను బతిమాలుచుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా మేనల్లుడు బుద్ధిహీనుడు గాడు. వాని వాదమున సగము సత్య మున్నది. ఆ సగమే వానిని గుంతలోనికి దించినది. అందుచే మొదట నా సగమును జెప్పెదను.

పూర్వులు త్రవ్వినచోట బంగారము వెదకుట పిచ్చిపని గాదు. కౌటిల్యు డర్థశాస్త్రమున గనుల యధ్యక్షుని విధులను జెప్పుచు, చిట్టెము, మూసలు, బొగ్గులు, బూడిద యను గుఱుతులను బట్టి పూర్వమునందు బనిచేసిన గనిని గుర్తింపవలెనని విధించినాడు. ఈ గ్రంథము చిరకాలము మఱుగుపడియుండి, 1905లో మైసూరున శామశాస్త్రిగారి కంటబడి, 1909లో ముద్రితమైనది. ఇంగ్లీషువారి యింజనీర్లు దాని నెఱుగకయే యదే త్రోవను నడచిరి. కోలారునందు గాని, మా పొరుగుననున్న రాయచూరు సీమలోని హట్టియందు గాని, వారు క్రొత్తగా గనుగొన్నదానికంటె బూర్వుల గుంతలను జూచి నేర్చుకొన్నదే హెచ్చు.

హట్టి మనకు బరాయిది గాదు. 1956వఱకు రాయచూరును, పాలమూరును, నల్లగొండయు నొక్క హైదరాబాదు రాజ్యములోనివే. 1947లో హైదరాబాదు గోల్డుమైన్సు అను పేర నేర్పడిన కంపెనీయే, ఆ సీమ కన్నడదేశమున గలసిన తరువాత హట్టి కంపెనీ యయ్యెను. నేటికిని బంగారము దీయుచున్నది. అక్కడి పాతగనులు 600 అడుగులకు బైబడిన లోతువఱకు బోయినవి. వానిలో దొరకిన కొయ్యను, బొగ్గును శాస్త్రజ్ఞులు పరీక్షించి, యవి సుమారు 2,000 సంవత్సరములనాటివని తేల్చిరి. శాతవాహనుల కాలపు మాట! విద్యుద్దీపము లేదు, మందుగుండు లేదు, యంత్రము లేదు. అంత లోతునకు మనుష్యు లెట్లు దిగిరి?

నిప్పును నీటిని నమ్ముకొని దిగిరి. ఱాతిగోడకు గట్టెలు పేర్చి యగ్ని రగిల్చెడివారు. ఱాయి బాగుగ గాగిన పిమ్మట జన్నీళ్లు గుమ్మరించెడివారు. కాగిన మూకుటిపై నీళ్లు పడినచో నేమగునో మనకు దెలియును గదా. అట్లే ఱాయి పగుళ్లు వాఱెడిది. పగిలినదానిని ఉలితో, గూటముతో రాల్చి, బుట్టల కెత్తి, చేతినుండి చేతికందించి పైకి జేర్చెడివారు. పొగకు, వేడికి, చీకటికి నెందఱు బలియైరో వ్రాసిపెట్టినవారు లేరు. పాతగనులచెంత బండలపై గుండ్రని గుంటలు నేటికిని గానవచ్చును. అవి ఱాతిని దంచిన ఱోళ్లు.

ఱోలనగానే మన సంగతి వచ్చినది. 1802లో వారెనను దొర కోలారు సీమయందలి మారికుప్పమున గనులను జూడబోయెను. అచ్చట బురుషులు సన్నని రంధ్రములలో దిగి ఱాళ్లను బుట్టలతో నందించుచుండగా, స్త్రీలు వానిని బండమీద బెట్టి పొడిగా దంచి, బావికడకు గొనిపోయి కడుగుచుండిరట. అంతకు దాదాపు రెండువేల యేండ్లకు బూర్వము, ఐగుప్తదేశపు బంగారుగనులలో స్త్రీలును వృద్ధులును దిరుగలి పిడికి ఇద్దరు ముగ్గురు చొప్పున నిలిచి, ఱాతిని బిండివలె విసరెడివారని గ్రీకులు వ్రాసిపెట్టిరి. వారు ఖైదీలు, బానిసలు. పురాణములలో మేరువు బంగారు కొండ యని చదివినప్పుడు విసరిన చేతులు నాకు గనబడలేదు. ఇప్పుడు గనబడుచున్నవి.

కడుగుట యనగా మఱేమియు గాదు. మనము దినదినము బియ్యము గాలించు పనియే. బంగారము నీటికంటె బందొమ్మిదిరెట్లు బరువు గావున, పళ్లెములో నీరుపోసి తిప్పినచో నిసుక పొరలిపోయి బంగారపు రజను అడుగున నిలుచును. దీనినే మనవారు జాలగడుగుట యందురు. అవుసలివాండ్ర కొలుముల బూడిదను, కాలువల మట్టిని గొని కడిగి, రవ్వంత బంగారముతో బ్రతికిన కుటుంబములు వెనుక నుండెడివి. 

ఇక మిగిలిన సగము, మా మేనల్లు డెఱుగనిది.

పూర్వులు మూర్ఖులు గారు. బంగారము సులభముగ దొరకునంతవఱకు త్రవ్విరి. పసిడితీగ సన్నగిల్లినప్పుడో, నీరూరి తోడుటకు శక్తి చాలనప్పుడో విడిచిరి. కావున బాతగుంత యనగా బంగార మున్నచో టని మాత్రమే గాదు, చేతితో దీయదగిన బంగారము తీసివేసిన చోటనియు నర్థము. పండుగనాటి గిన్నె యడుగంటినదని తెలిసియు గరిటె పెట్టినట్లు. అడుగున మిగిలినది తీయవలెనన్న వేలాది జనము, కోట్ల ద్రవ్యము, యంత్రములు గావలెను.

అది యెంత స్వల్పమో మన వంటయింటి లెక్కతో జెప్పెదను. టన్ను ఱాతిలో నాలుగు గ్రాముల బంగార మున్నచో మంచి గనియే యందురు. అనగా నైదు కిలోల బియ్యములో నొక్క గింజ. ఆ గింజయైనను గంటికి గనబడునట్లు వేఱుగా నుండదు. పిండియై, గింజలన్నిటను గలసియుండును. మా యాడబిడ్డ గాజులలోని మూడు తులముల బంగారమునకు, పోయినది పోగా మిగిలినంత యని గాక, మొత్తమును దక్కునని చెప్పుకొన్నను, ఏడున్నర టన్నుల ఱాయి త్రవ్వి, మోసి, పిండిచేసి, కడుగవలెను. 25 కిలోల బియ్యపుసంచులు 300! ముగ్గురు పిల్లలును, ఒక బాడుగయంత్రమును!

కౌటిల్యుడే యింకొక మాట చెప్పినాడు. ఖర్చునకు, శ్రమకు భారమైన గనిని రాజు తాను నడపక, పాలునకో గుత్తకో యితరుల కీయవలెనట. సులభమైనదానినే తాను నడపవలెనట. కోశాగారముగల రాజే వెనుదీయదగిన పనికి, కుట్టుపనితో బ్రతుకు విధవరాలి గాజులు మదుపు! పెద్దగనుల గతియు జూచితిమి. కోలారులో 1880 తరువాత జాన్ టెయిలరు కంపెనీవారు మొదలుకొని యెందఱో పనిచేసి, మూడు కిలోమీటర్లకు మించిన లోతువఱకు దిగి, సుమారు 800 టన్నుల బంగారము దీసిరి. అందు మన తెలుగువారును, అరవవారును వేలకొలది పనిచేసిరి. ఱాతిదుమ్ము ఊపిరితిత్తులలో జేరి యెందఱో నడివయస్సుననే దగ్గుచు గన్నుమూసిరి. ఖర్చు రాబడిని మించగా 2001 ఫిబ్రవరి 28వ తేదీన గని మూతపడెను. సయనైడు కలిసిన గనిమట్టి దిబ్బలు మాత్ర మూరినడుమ కొండలవలె నిలిచియున్నవి. గాలి వీచినచో నా ధూళి యిండ్లలోని యన్నపుగిన్నెలపై బడుచుండును.

తెల్లవాఱగనే నేను మేనల్లుని వెంటబెట్టుకొని అవుసలితాతగారి యింటికి బోతిని. ఎనుబదియేండ్ల వృద్ధుడు. చూపు మందగించినను వ్రేళ్లు మందగింపలేదు. మొదట నొక ఱాతిని గోటితో గీఱెను. రేకు రేకుగా ఊడివచ్చెను. “ఇది కాకిబంగారము బిడ్డా. దీనిని కాకియైన నెత్తుకొనిపోదు” అని నవ్వెను. రెండవదానిలోని పచ్చని తునుకను దాగలిమీద బెట్టి సుత్తితో నొక్క దెబ్బ వేసెను. అది పొడిపొడి యయ్యెను. ఆ పొడిని నిప్పులమీద జల్లగా గంధకపు వాసన గొట్టెను. “బంగారమైనచో గొట్టినకొలది సాగును గాని పగులదు. కాల్చిన వాసన రాదు. ఒఱగల్లుమీద గీసిన పసుపుగీత పడును. దీని గీత నల్లగానున్నది, చూడుము” అని ఱాతిమీద గీసి చూపెను. మన వైద్యులు స్వర్ణమాక్షిక మని భస్మము చేయు ఖనిజమును దీనికి జుట్టమే. ఇనుమునకు గంధకము చేరినచో నిట్లు మెఱయును. దానిని జూచి దేశదేశముల వారును మోసపోయిరి. అందులో సిగ్గుపడవలసిన దేమియు లేదని తాత వాని వీపు తట్టెను. పిల్లవాడు మాత్రము గోడవైపు మొగము దిప్పుకొని చాలసేపు నిలుచుండెను.

ఇంతవఱకు బోయినది ధనము. ధనము పోయిన మఱల గూర్చుకొనవచ్చును. ప్రాణము సంగతి చెప్పనిదే ఈ లేఖ ముగియరాదు.

మన పెద్దలకు జొన్నపాతరలుండెడివి. మా యమ్మమ్మగారి యింటి వాకిట నుండినది నాకు జ్ఞాపకమున్నది. పాతర మూత దీసినదినమున నెవ్వరిని దిగనిచ్చెడివారు కారు. ఒక పూట గాలి యాడనిచ్చి, త్రాటికి దీపమును గట్టి దించెడివారు. దీప మాఱినచో నా దినము పాతర జోలికి బోయెడివారు కారు. దయ్యము దీపము నార్పినదని మేమనుకొనెడివారము. దయ్యము గాదు. గింజలు మూసినచోట ఊపిరి విడుచుచు బ్రాణవాయువును దినివేసి, బొగ్గుపులుసుగాలిని నింపును. అది బరువైనది గావున బల్లమున నిలిచిపోవును. పాడుబావులలోను, పాతగుంతలలోను, ఆకులు కుళ్లియు, ఱాతిలోని ఖనిజము త్రుప్పు పట్టియు నిట్లే జరుగును. కంటికి గనబడదు. దిగినవాడు రెండు మూడు ఊపిరులలో దెలివి దప్పును. వానిని బట్టుకొనుటకు దిగిన రెండవవాడును, వాని వెనుక మూడవవాడును బోవుదురు. ఒక్క బావిలో నొక్క కుటుంబమువారే ముగ్గురు నలుగురు మరణించిన వార్తలను మనము తఱచు చదువుచునే యుందుము.

మా పిల్లల గుంతలో నింకొక విషమును దోడైనది. నీటియంత్రమును గుంతలోపల నుంచి నడపిరని చెప్పితిని గదా. ఆ యంత్రపు పొగలో రంగును, వాసనయు లేని విషవాయు వుండును. అది రక్తమున బ్రాణవాయువు స్థానము నాక్రమించును. దీపమును గూడ నార్పదు. కావున బాతర దీపము ఆ విషమును జెప్పలేదు. నడుమునకు ద్రాడు లేకున్నచో మా పొరుగు బాలు డీనాడు లేడు. వీరిద్దరిలో నెవడైన దొందరపడి దిగియున్నచో, మా యాడబిడ్డ గాజులు తీసివేసిన చేతులతో నేమి చేసియుండునో నే నూహింపలేను.

కావున సోదరీమణులారా, గోడమీద వ్రాసిపెట్టుకొనదగిన నాలుగు మాటలు చెప్పెదను. పాతగుంతలో గాని, పాడుబావిలో గాని, పాతరలో గాని పిల్లలను దిగనీయకుడు. యంత్రమును ఎన్నడును బావిలోపల నుంచి నడపనీయకుడు, గట్టుమీదనే నుండవలెను. లోపల నెవరైన బడినచో, వెంట దిగువాని చేయి పట్టి యాపుడు. పైనుండి త్రాటితో లాగవచ్చునేమో చూచి, వెంటనే 101 నంబరునకు అగ్నిమాపకదళమువారికిని, 108 బండికిని ఫోను చేయింపుడు. మీ యూరి గుంతకు కంచె లేనిచో బంచాయతీవారి నడిగి వేయింపుడు. గుంత గోడలు వానకు నాని విఱిగిపడును; మేకలు కాచు పసిబిడ్డలు మొదట బడుదురు.

చట్టము మాటయు దెలియవలెను. 1957 నాటి ఖనిజముల చట్టము ప్రకార మనుమతిపత్రము లేక బంగారమునకై త్రవ్వుట నేరము. నిధి దొరకిన గలెక్టరునకు దెలుపక దాచుకొనుటయు నేరమే. నిధుల జాడ చెప్పు పెద్దమనుష్యు లీ సంగతి యెఱిగియుందురు. అందుచేతనే వారు కాగితముమీద సంతకము చేయరు, ఆపద వచ్చినప్పుడు గనబడరు. వీరి మాట విని మన పాలమూరు, నల్లగొండ సీమల రాకాసిగుళ్లను ద్రవ్వి పాడుచేయుచున్నవారును గలరు. అవి వేలయేండ్లనాటి మన పూర్వుల సమాధులు. నిజాము ప్రభుత్వమున భూగర్భశాస్త్రజ్ఞుడైన మన్ అను దొర, పాతగనులకును రాకాసిగుళ్లకును గల సంబంధమును గూర్చి 1930 దశకమున వ్రాసినాడు. వానిలో మృణ్మయపాత్రలు, ఇనుపపనిముట్లు, ఎముకలు దొరకును గాని, లంకెబిందెలు దొరకవు.

పాతగనుల వెంట దిరిగినవా రందఱును వట్టిచేతులతో వచ్చిరని నే నననుగాని, వారిలో గొప్పదానిని దెచ్చినవాని కథ వేఱు. దీనిని మా మేనల్లునికి గూడ జెప్పితిని. 1915లో బీడను అను గని యింజనీరు రాయచూరు సీమలో బంగారమును వెదకుచు మస్కి యను నూరి గుట్ట నెక్కెను. అచ్చటి బండపై బ్రాచీనలిపిలో నేమో చెక్కియుండుట జూచెను. కృష్ణశాస్త్రిగారు దానిని జదివి ప్రకటించిరి. ఆ లిపిని 1837లోనే ప్రిన్సెపు చదివియుండెను. కాని యంతవఱకు దొరకిన శాసనములందు దేవానాంప్రియుడు, ప్రియదర్శి యను బిరుదములే గాని రాజు పేరు లేకుండెను. మస్కి బండమీద మొదటిసారిగా అశోకుడను పేరు స్పష్టముగ గనబడెను. ఆ రాజెవరను సందేహము దీఱెను. మఱల 1929లో, మా నడిగడ్డకు దక్షిణముగ తుంగభద్ర కావలి కర్నూలు సీమలో, జొన్నగిరి చెంతనున్న ఎఱ్ఱగుడి బండలమీది యశోకశాసనములను గనుగొన్నదియు ఘోషను భూగర్భశాస్త్రజ్ఞుడే. జొన్నగిరియు బాత బంగారుగనుల చోటే. తొలకరి పడగానే ఆ చేలలో వజ్రములకై జనము పిల్లాజెల్లలతో దిగుట యిప్పటికిని గలదు.

మస్కి శాసనములో నశోకుడు చెప్పిన దేమి? గొప్పవారు మాత్రమే గాదు, అల్పులును బూనికతో ధర్మము నాచరించినచో నున్నతగతిని బొందవచ్చునని. గనులున్న సీమలో, ఱాళ్లు మోయు జనము నడచు త్రోవలో నా రాజు ఈ మాట జెక్కించినాడు. “ఆ దొర బండను జూచి చదువురానివానివలె దాటిపోయినచో నేమగును? చదువుకొన్నవాడవు, గుంతలోనికి గాదు, గట్టుమీది బండల వైపు జూడుము” అని మేనల్లునితో నంటిని. వాడు బదులు చెప్పలేదు. కాని మఱునాడు మావారి పుస్తకములలో నశోకుని చరిత్రను వెదకి తీసికొనుట చూచితిని.

చెప్పవలసినది ఇంకొకటి మిగిలినది. అవుసలితాతగారి యింటినుండి మేము తిన్నగ నా పొరుగు బాలుని తల్లి యింటికి బోతిమి. మా మేనల్లుడు గుమ్మమున నిలిచి, జరిగినదంతయు దానే చెప్పెను. ఆమె వానిని దిట్టలేదు. లోపలికి బోయి, నిద్రించుచున్న కొడుకు ముక్కుకడ వ్రేలు పెట్టి చూచివచ్చెను. ఇంకను ఊపిరి యాడుచున్నదా యని! అప్పుడు వాడేడ్చెను. అంతకుముందు కాకిబంగార మని తెలిసినప్పుడు గూడ నేడ్వలేదు.

గాజులలో నొకదానిని మావారు జీతమునుండి విడిపించిరి. రెండవది యింకను గుదువలోనే యున్నది. మేనల్లుడు సెలవుదినములలో నొక దుకాణమున లెక్కలు వ్రాసి దానిని విడిపించునట. ఆలస్యమైనను నేను దొందరపెట్టను. ఉగాదికి మా యాడబిడ్డ ఒకచేత బంగారుగాజును, ఒకచేత మట్టిగాజులను దొడిగికొని వచ్చినది. ఎవరో యడుగగా, “రెండును బంగారమే, ఒకటి నా కొడుకు దెచ్చిచ్చును” అని చెప్పినది.

మన చేతి గాజు నొకసారి వెలుతురున బట్టి చూడుడు. దాని వెనుక నెన్ని సంచుల ఱాయియో, ఎంతమంది దంచిన చేతులో యున్నవి. అంత వెలగలదానిని బిడ్డల కడుపు చల్లగ నుండుటకు గుదువ పెట్టుడు, చదువునకు బెట్టుడు, రోగమునకు బెట్టుడు. ఎవనినో నమ్మి గుంతలో మాత్రము వేయకుడు. మీ పిల్లవా డెన్నడైన ఱాళ్లమూటతో వచ్చినచో, ముందుగ వాని యరచేతులను జూడుడు.